గాత్రం ఎవరి సొత్తు?

మంచి గాయకుణ్ణి మెచ్చుకొనేటప్పుడు మనవారు సాధారణంగా రెండు మాటలు అంటారు. "భగవంతుడిచ్చిన గొంతు" అన్నది మొదటిది. "ఎంత సాధన చేశాడో" అన్నది రెండవది. ఈ రెండూ ఒకే నోట, ఒకే కచేరీలో, కీర్తనకు ముందొకటి, తరువాత ఒకటిగా వినవస్తూనే ఉంటాయి. అనేవారికిగాని, వినేవారికిగాని వీటిలో వైరుధ్యం ఉన్నట్లు తోచదు. నిదానించి చూస్తే మాత్రం ఇవి ఒకదానినొకటి తోసిపుచ్చే మాటలు. గొంతు దైవదత్తమే అయితే ప్రశంస దైవానికి చెందాలి. గాయకుడు కేవలం అదృష్టవంతుడు. సాధనవల్లనే వచ్చినదైతే, అంతే సాధన చేసి కూడా వేదిక మెట్లెక్కలేకపోయిన అసంఖ్యాకుల మాట ఏమిటి?

దైవమా, పురుషకారమా అనే ఈ వివాదం మనకు కొత్తది కాదు. మహాభారతం ఆనుశాసనిక పర్వంలో ధర్మరాజు భీష్ముణ్ణి ఈ ప్రశ్నే అడుగుతాడు. పురుషకారం క్షేత్రం వంటిదనీ, దైవం బీజం వంటిదనీ, నేలలో పడని విత్తు వట్టిపోయినట్లే పురుషకారం తోడుకాని దైవం ఫలించదనీ అక్కడ సమాధానం లభిస్తుంది. రైతుకు ఈ సమాధానం చాలు. గాయకుని దగ్గరికి వచ్చేసరికి చిక్కు మొదలవుతుంది. వైణికుడు బొబ్బిలి వెళ్లి వీణ కొనుక్కోవచ్చు, అది బాగుండకపోతే మార్చుకోవచ్చు, మెట్లు అరిగితే మైనం కరిగించి మళ్లీ వేయించుకోవచ్చు. గాయకుని వాద్యం అతని శరీరంలోనే ఉంది. దానిని ఎంచుకొనే అవకాశం అతనికి లేదు, కంటితో చూసే వీలూ లేదు. నేలా తానే, విత్తూ తానే, దున్నేవాడూ తానే. ఇందులో ఏది అతని స్వార్జితం, ఏది అతనికి సంక్రమించినది అని విడదీయడం తేలిక కాదు.

విడదీయడానికి మొట్టమొదట గట్టిగా పూనుకొన్నవారిలో శార్ఙ్గదేవుడు ఒకడు. 13వ శతాబ్దిలో దేవగిరి యాదవ రాజైన సింఘణుని ఆస్థానంలో ఉన్న ఈ పండితుడు వృత్తిరీత్యా శ్రీకరణాధిపతి, అంటే రాచకొలువులో లెక్కల అధికారి. ఖాతాలు చూసిన చేత్తోనే 'సంగీతరత్నాకరం' వంటి గ్రంథం రాసినందుకు ప్రభుత్వోద్యోగులు ఆయనను కొంత గర్వంగా తలచుకోవచ్చు. ఆ గ్రంథం రాగతాళాలతో మొదలు కాదు. పిండోత్పత్తితో, మాతృగర్భంలో శిశుశరీరం రూపుదిద్దుకొనే క్రమంతో మొదలవుతుంది. పాట పుట్టే చోటును తెలుసుకోకుండా పాటను తెలుసుకోలేమని ఆయన అభిప్రాయం కాబోలు. పలకాలని కోరిన ఆత్మ మనస్సును ప్రేరేపిస్తుంది. మనస్సు దేహాగ్నిని తాకుతుంది. అగ్ని వాయువును నడిపిస్తుంది. ఆ వాయువు నాభి, హృదయం, కంఠం, శిరస్సు, ముఖం అనే స్థానాలలో క్రమంగా నాదాన్ని పుట్టిస్తుంది. మంద్రానికి హృదయం, మధ్యమానికి కంఠం, తారానికి మూర్ధం స్థానాలు.

గొంతుల తారతమ్యాన్ని శార్ఙ్గదేవుడు 'శారీరం' అనే మాటతో వివరించాడు. అభ్యాసం లేకపోయినా రాగాన్ని ప్రకటించగల శక్తి ఏ ధ్వనికి ఉంటుందో అది శారీరమనీ, శరీరంతోపాటు పుట్టినది కనుక దానికి ఆ పేరు వచ్చిందనీ ఆయన నిర్వచనం. ఈనాటికీ తెలుగునాట సంగీతజ్ఞులు "వాడికి మంచి శారీరం ఉంది" అనడం ఆ వాడుకకు కొనసాగింపే. ఇంతవరకు చూస్తే ఆయన దైవపక్షమే అనిపిస్తుంది. కాని వెంటనే, మంచి శారీరం ఎలా లభిస్తుందో చెబుతూ విద్యాదానాన్ని, తపస్సును, శివభక్తిని, మహాభాగ్యాన్ని పేర్కొన్నాడు. ఈ జాబితాలో విద్యాదానం ముందుండడం గమనార్హం. ఒక జన్మలో ఇతరులకు నేర్పినది మరొక జన్మలో గొంతుగా తిరిగి వస్తుందన్నమాట. జన్మాంతరాల సంగతి నమ్మినా నమ్మకపోయినా, గొంతుకు మూలం మరొకరితో జరిగిన ఇచ్చిపుచ్చుకోలులో ఉన్నదన్న సూచన మాత్రం విలువైనది.

ఇదే గ్రంథంలో కఫ, పిత్త, వాత ప్రకృతులను బట్టి గొంతులను ఖాహులం, నారాటం, బొంబకం అని, వాటి కలయికను మిశ్రకం అని విభజించారు. ఆముదపు కాడవలె లోపల సారం లేక బోలుగా ఉండేది బొంబకమట. గాయకుల దోషాలు 25 చెప్పారు. పళ్లు బిగించి పాడడం, బెదురుతూ పాడడం, నోరు వికారంగా తెరవడం, కాకిగొంతు, ముక్కుతో పాడడం అందులో ఉన్నాయి. కన్నులు మూసుకొని పాడడం కూడా దోషమే. నేటి సభలలో అది తన్మయత్వానికి గుర్తుగా చలామణీ అవుతున్నది! ఈ గ్రంథానికి 'సంగీతసుధాకరం' అనే వ్యాఖ్య రచించినవాడు తెలంగాణలోని రాచకొండ నేలిన సింగభూపాలుడు కావడంవల్ల ఈ చర్చలో తెలుగువారికి పాత భాగస్వామ్యమే ఉంది.

శరీరశాస్త్రం ఈ విషయంలో చాలా ఆలస్యంగా మేల్కొన్నది. పాడుతున్న మనిషి స్వరపేటికను కంటితో చూడడం 19వ శతాబ్ది మధ్యకాలం వరకు సాధ్యం కాలేదు. మొదట చూసినవాడు వైద్యుడు కాదు, సంగీతోపాధ్యాయుడు. లండన్‌లో గాత్రం నేర్పుతుండిన మాన్యువెల్ గార్సియా 1854లో దంతవైద్యుల చిన్న అద్దాన్ని నోట పెట్టుకొని, మరొక అద్దంతో సూర్యకాంతిని లోపలికి మళ్లించి, తన స్వరతంత్రుల కదలికను తానే చూసుకొన్నాడు. స్వరతంత్రులని పేరే గాని అవి తీగెలు కావు. వాయునాళం పైకొనన, స్వరపేటికలో ఎదురెదురుగా ఉండే రెండు మెత్తని కండర మడతలు. పెద్దవారిలో కూడా వాటి పొడవు రెండున్నర సెంటీమీటర్లు దాటదు. పురుషగాయకుడు ఒకటో శ్రుతిలో ఆధారషడ్జం పట్టినప్పుడు ఆ మడతలు సెకనుకు సుమారు 130 సార్లు కలిసి విడిపోతాయి. తారషడ్జాన్ని అందుకొనేసరికి సుమారు 260 సార్లు.

ఇంత వేగంగా వాటిని కదిలిస్తున్నది ఎవరు? ఈ ప్రశ్న మీద 20వ శతాబ్దిలో ఒక ఆసక్తికరమైన వివాదం నడిచింది. మెదడు పంపే ఒక్కొక్క నాడీస్పందనకు ఒక్కొక్క కంపనం చొప్పున మడతలు కదులుతాయని 1950లో ఫ్రాన్సుకు చెందిన రావుల్ హుస్సోన్ ప్రతిపాదించాడు. అంటే ప్రతి కంపనమూ గాయకుని సంకల్పమే. ఇది నిలవలేదు. 1958లో డచ్చి శాస్త్రజ్ఞుడు వాన్ డెన్ బెర్గ్ విశదీకరించిన సిద్ధాంతం ప్రకారం నాడులు, కండరాలు చేసే పని మడతలను దగ్గరకు చేర్చి, తగినంత బిగించి, సిద్ధంగా ఉంచడం మాత్రమే. ఆ తరువాత ఊపిరితిత్తుల నుండి ఒత్తిడితో వచ్చే గాలి వాటిని తెరుస్తుంది. సాగే గుణం, గాలి ప్రవాహం కలిసి మళ్లీ మూస్తాయి. ఈనాటి శాస్త్రం దీనికి ఎన్నో మెరుగులు దిద్దినా మూలసూత్రాన్ని అంగీకరించింది.

ఇందులోని తాత్త్వికార్థం చిన్నది కాదు. గాయకుడు స్వరాన్ని 'చేయడం' లేదు. స్వరం పుట్టడానికి అనువైన స్థితిని ఏర్పరచి, ఊపిరికి దారి ఇస్తున్నాడు. గొంతు బిగించి స్వరాన్ని బలవంతాన తేవాలని చూసినవాడికి గొంతు పట్టుకుపోవడం ప్రతి గురువుకూ తెలిసిన అనుభవం. తంబురా మీటి, ఆకారంతో మంద్రషడ్జాన్ని గంటలకొద్దీ నిలపమని హిందుస్థానీ గురువులు తెల్లవారుజామున కూర్చోబెట్టడంలోగాని, మాయామాళవగౌళలో సరళీ వరుసలను మూడు కాలాలలో ఏళ్ల తరబడి పాడించడంలోగాని ఉద్దేశం మడతలను పొడిగించడం కాదు. అవి పుట్టుకతో ఎంతో అంతే. ఉదరవితానాన్ని, పక్కటెముకల కండరాలను, గాలి ఒత్తిడిని, మడతల బిగువును చెవి చెప్పినట్లు వినేలా చేయడం సాధన. నాలుక, దవడ, అంగిలి కదలికలతో ఆ నాదాన్ని మలచడం కూడా అందులో భాగమే. సాధన పండిన తరువాత గాయకునికి ఇవేవీ గుర్తుకు రావు.

ఈ వాద్యం ఒక్కరోజూ ఒకేలా ఉండదు. అప్పుడే పుట్టిన శిశువు స్వరతంత్రులు సుమారు మూడు మిల్లీమీటర్లు. పెద్దవారిలో ఉండే పొరల అమరిక వాటిలో ఇంకా ఏర్పడి ఉండదు. అది బాల్యమంతా నెమ్మదిగా ఏర్పడుతూ యౌవనారంభానికి పూర్తవుతుంది. ఆ వయస్సులో బాలుర గొంతు దాదాపు ఒక స్థాయి దిగుతుంది, బాలికలది కొద్ది స్వరాలే. బాలగాయకులుగా పేరు తెచ్చుకొన్న ఎందరో ఆ మలుపులో కనుమరుగయ్యారు. వార్ధక్యంలో మడతలు బిగువు తగ్గి, ఊపిరి కురచబడి, నిలుపు చలిస్తుంది. ఒక జీవితంలో మనిషికి కనీసం మూడు గొంతులు వస్తాయి, పోతాయి.

వీటిలో ఏ ఒక్కదానినీ గాయకుడు ఇతరులు విన్నట్లు వినలేడు. మన మాట మన చెవికి గాలిద్వారానే కాక కపాలాస్థుల ద్వారా కూడా చేరుతుంది. అందువల్ల మనకు మన గొంతు నిండుగా, గంభీరంగా వినిపిస్తుంది. రికార్డులో తొలిసారి తమ గొంతు విన్నవారు "ఇది నాది కాదు" అనడం ఇందువల్లనే. ఒకరి గాత్రాన్ని ఉన్నది ఉన్నట్లు ఎరిగినవారు లోకంలో అందరూ ఉంటారు, ఆ ఒక్కరు తప్ప. ఇటువంటి సొత్తు మరొకటి ఉందా?

గాత్రం ఎవరిదన్న ప్రశ్నకు హుబ్బళ్లికి చెందిన గంగూబాయి హానగల్ జీవితంకంటే మంచి ఉదాహరణ దొరకడం కష్టం. ఆమె 1913లో ధారవాడలో, తరతరాలుగా పాటే జీవికగా బతికిన స్త్రీల వంశంలో పుట్టారు. తల్లి అంబాబాయి కర్ణాటక సంగీత విద్వాంసురాలు. కూతురికి హిందుస్థానీ సంగీతం పట్ల మొగ్గు ఏర్పడినప్పుడు, ఇంట్లో తన బాణీ చెవిని పడితే పిల్ల గమకాలు ఎక్కడ కలుషితమవుతాయోనని ఆ తల్లి తన పాటనే మానుకొన్నది. సంగీతచరిత్రలో ఎన్నో త్యాగాలు కథలుగా చెబుతారు. కూతురి గొంతు కోసం తల్లి తన గొంతును మౌనంలో పెట్టడం వాటిలో అతి తక్కువగా ప్రచారంలోకి వచ్చినది. 1924లో గాంధీజీ అధ్యక్షతన బెళగావిలో జరిగిన కాంగ్రెస్ మహాసభలో పదకొండేళ్ల గంగూబాయి స్వాగతగీతం పాడిన బృందంలో ఉన్నారు. ఆనాటి జ్ఞాపకాలలో తనకు పాటతోపాటు ఒక భయం కూడా మిగిలిందని ఆమె తరువాతి కాలంలో చెప్పుకొన్నారు. తన కులం తెలిసి, భోజనాల తరువాత ఎంగిళ్లు ఎత్తమంటారేమోనన్న భయం అది. ఆ సభకు ఆ పిల్ల గొంతు కావాలి. ఆ పిల్ల పంక్తిలో ఎక్కడ కూర్చోవాలన్నది మాత్రం తేలని విషయం.

ఆమె గురువు సవాయి గంధర్వ. ఆయనది సహజంగా లొంగే గొంతు కాదనీ, కఠోరసాధనతో దానిని దారికి తెచ్చుకొన్నారనీ చెబుతారు. ఆయన స్వగ్రామం కుందగోళకు గంగూబాయి హుబ్బళ్లి నుండి రైలులో వెళ్లి పాఠం చెప్పించుకొని తిరిగి వచ్చేవారు. అంతకుముందే, 1930లలో, ఆమె పాడిన గ్రామఫోన్ రికార్డులు కొన్ని 'గాంధారి' అనే పేరుతో వెలువడ్డాయి. వాటిలో వినిపించేది పలుచని, పదునైన, ఎత్తు శ్రుతిలో సునాయాసంగా తిరిగే ఆడగొంతు. ఆ తరువాత కొన్నేళ్లకు గొంతు జబ్బు వచ్చి, దానికి చికిత్స జరిగి, ఆ గొంతు పోయింది. దాని స్థానంలో మంద్రమైన, బరువైన, పురుషకంఠమని పొరపాటుపడదగిన గొంతు మిగిలింది. మరొకరైతే అక్కడితో పాట ముగిసినట్లే. గంగూబాయి శ్రుతి దించుకొని, ఆ కొత్త గొంతుతో మొదటినుండి పరిచయం చేసుకొని, కిరానా ఘరానా రాగవిస్తారానికి దానినే ఆధారం చేసుకొన్నారు. దేశం ఎరిగిన, 2002లో పద్మవిభూషణ్ ఇచ్చి గౌరవించిన గంగూబాయి ఈ రెండవ గొంతు కలిగిన మనిషి. ఆమె 2009లో మరణించారు.

ఇక్కడ దైవం ఏది? మొదటి గొంతు దైవదత్తమైతే రెండవది ఏమిటి? రోగం ఇచ్చినదాన్ని దైవదత్తమనడానికి మనసు ఒప్పదు. పురుషకారమే అనాలన్నా, ఆ గొంతును ఆమె కోరి తెచ్చుకోలేదు. జరిగిన నష్టాన్ని దాచిపెట్టకుండా పాడడం మాత్రం ఆమె నిర్ణయం. ఆడగొంతంటే ఇలాగే ఉండాలని శ్రోతలకు గట్టి అభిప్రాయాలున్న కాలంలో అది సంగీతనిర్ణయమే కాదు, నైతికనిర్ణయం కూడా.

ఆ ప్రాంతానికే చెందిన కుమార్ గంధర్వ కథ దీనికి జోడు. బెళగావి దగ్గరి సూళేభావిలో 1924లో పుట్టి, పెద్దల గానాన్ని అచ్చుగుద్దినట్లు అనుకరించే బాలమేధావిగా దేశాన్ని ఆశ్చర్యపరచిన ఆయన క్షయరోగానికి గురయ్యారు. 1948లో పొడిగాలి కోసం మధ్యభారతంలోని దేవాస్ పట్టణానికి చేరి, పాట నిషిద్ధమై, కొన్నేళ్లు మంచాన ఉన్నారు. ఒక ఊపిరితిత్తి దాదాపు పనికిరాకుండా పోయింది. అప్పుడప్పుడే మనదేశానికి వస్తున్న స్ట్రెప్టోమైసిన్ మందు, భార్య భానుమతి సేవ ఆయనను నిలబెట్టాయి. పాడడానికి వీలులేని ఆ రోజులలో ఆయన వినగలిగింది మాల్వా పల్లెపడుచుల పాటలు, వీధిన పోయే సాధువుల నిర్గుణ భజనలు. 1953లో మళ్లీ వేదిక ఎక్కినప్పుడు పొడవైన తానాలకు కావలసిన ఊపిరి ఆయనకు లేదు. తునకలు తునకలుగా, ఒక మెరుపు, ఒక విరామం చొప్పున సాగే కొత్త గానపద్ధతి అలా రూపుకట్టింది. సంప్రదాయవాదులు కొందరు పెదవి విరిచారు. లోపం లేని గొంతుతో ఆయన అంతకంటే గొప్పగా పాడి ఉండేవారా అన్నది తేలే ప్రశ్న కాదు. బాల్యంలో అందరి గొంతులనూ అనుకరించగలిగిన మనిషికి తన గొంతు దొరికింది సగం ఊపిరి పోయిన తరువాతనే అన్నది మాత్రం విన్నవారికి తెలుస్తూనే ఉంటుంది.

ఈ రెండు కథలలోనూ దైవం, పురుషకారం అనే రెండు పద్దులలో ఇమడని మూడవ పద్దు ఒకటి కనిపిస్తుంది. తల్లి మౌనం, గురువు ఓపిక, కుందగోళ రైలు, ఎక్కడో దూరదేశపు ప్రయోగశాలలో పుట్టిన మందు, పేరు తెలియని మాల్వా స్త్రీల పాట. ఇవి గాయకుని శరీరంలో పుట్టినవి కావు, గాయకుని శ్రమా కాదు. తెలుగువారికి సుపరిచితమైన ఉదాహరణ ఘంటసాల వెంకటేశ్వరరావు. గుడివాడ ప్రాంతంలోని చౌటపల్లిలో 1922లో పుట్టి, సంగీతం నేర్చుకోవాలని విజయనగరం చేరిన ఆ కుర్రవాడు పట్రాయని సీతారామశాస్త్రి ఆశ్రయంలో చదువుకొంటూ, జోలె పట్టి ఇంటింటా మధూకరం ఎత్తుకొని కడుపు నింపుకొన్నాడు. తరువాతి కాలంలో మూడు దశాబ్దాల పాటు తెలుగు ఇళ్లలో మోగిన ఆ కంఠంలో, 1974లో ఆయన పోయిన తరువాత కూడా ఉదయాన వినవచ్చే ఆ కంఠంలో, విజయనగరం వీధుల అన్నం ఉంది. పెట్టిన ఇల్లాళ్లు గొప్ప గాయకుణ్ణి తయారు చేస్తున్నామని పెట్టలేదు. ఆకలిగొన్న విద్యార్థికి పెట్టారు, అంతే.

సమాజానికి గాత్రంలో వాటా ఉందని ఒప్పుకొంటే ఒక ప్రమాదమూ ఉంది. వాటాదారు యజమానిగా మారిపోవచ్చు. ఐరోపాలో, ముఖ్యంగా ఇటలీలో, కొన్ని శతాబ్దాలపాటు జరిగినది అదే. బాలుని గొంతు దిగిపోకుండా ఉండడానికి యౌవనం రాకముందే అతని వృషణాలు తొలగించేవారు. బాలుని స్వరపేటిక, పెద్దవాని ఊపిరి కలిసిన ఆ గొంతులకు దేవాలయాలలోను, నాటకశాలలలోను జనం నీరాజనాలు పట్టారు. అలాటివారిలో చివరివాడుగా చెప్పే అలెస్సాండ్రో మొరెస్కి గొంతును 1902 ఏప్రిల్‌లో ఒక గ్రామఫోన్ సంస్థ రోమ్‌లో రికార్డు చేసింది. అదే సంస్థ అదే సంవత్సరం నవంబరులో కలకత్తాకు వచ్చి గౌహర్ జాన్ గొంతును రికార్డు చేసింది. పాట చివర ఆమె తన పేరును ఇంగ్లీషులో తానే ప్రకటించడం ఆ రికార్డులలో వినవచ్చు. దూరాన జర్మనీలో పళ్లాలు అచ్చువేసేవారు ఎవరి పాటో గుర్తించడానికి చేసిన ఏర్పాటు అది. చరిత్రలో అది మరొక అర్థం కూడా సంతరించుకొన్నది. అంతవరకు పాటకే గాని పేరుకు మర్యాద లేని వర్గం నుండి వచ్చిన స్త్రీ, పాటకు తన సంతకం పెట్టింది.

ఆ సంతకానికి మర్యాద దక్కడం మాత్రం తేలిక కాలేదు. దేవదాసీలుగా అంకితం చేయడాన్ని నిషేధిస్తూ 1947లో మద్రాసు ప్రభుత్వం చేసిన చట్టం అవసరమైనదే. బాలికలను వారి ఇష్టాయిష్టాలతో పనిలేకుండా ఆ వృత్తిలోకి తోయడాన్ని ఏ సంస్కృతి పేరుతోనూ సమర్థించలేము. కాని సంస్కరణోద్యమం సాగిన దశాబ్దాలలో వారి పదాలు, జావళీలు కొత్త కులాల ఇళ్లకు, కొత్త సభలకు తరలివెళ్లాయి. పాడిన స్త్రీలలో చాలామంది వెనకనే ఉండిపోయారు. స్వాతంత్ర్యం వచ్చిన తొలి ఏళ్లలో ఆకాశవాణి వ్యక్తిగత జీవితం లోకాపవాదానికి లోనైనవారికి తలుపులు మూసిన సంగతి చరిత్రకారులు నమోదు చేశారు. గొంతును స్వరంతో, శ్రుతితో, లయతో పరీక్షించవలసిన చోట ఇంటి చిరునామాతో పరీక్షించడమంటే ఇదే. పాలనాయంత్రాంగానికి మంచి ఉద్దేశాలు ఉండడం వేరు, మంచి చెవి ఉండడం వేరు.

ఇంతకాలం గొంతుకు ఒక సహజరక్షణ ఉండేది: మనిషి పోతే గొంతు పోయేది. గ్రామఫోన్ వచ్చి పాడిన పాటను నిలిపింది గాని పాడని పాటను పాడించలేకపోయింది. ఇప్పుడు ఆ అడ్డూ తొలగింది. కంప్యూటరు ఒకరి రికార్డుల నుండి కంఠలక్షణాలను సంగ్రహించి, వారు ఎన్నడూ పాడని పాటను వారి గొంతుతో పలికిస్తున్నది. 2024లో ఒక తమిళ చలనచిత్రంలో ఎ.ఆర్. రెహమాన్ ఇద్దరు దివంగత గాయకుల గొంతులను ఈ విధంగా వినిపించారు. కుటుంబాల అనుమతి తీసుకొని, తగిన పారితోషికం కూడా చెల్లించామని ప్రకటించారు. అదే సంవత్సరం, 2020లో మరణించిన ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గొంతును ఒక తెలుగు చిత్రంలో అనుమతి లేకుండా ఇలాగే వాడారంటూ ఆయన కుమారుడు చట్టపరమైన నోటీసు ఇచ్చారు. 2024 జులైలో గాయకుడు అరిజిత్ సింగ్ వేసిన దావాలో బొంబాయి హైకోర్టు, అనుమతి లేకుండా ఒకరి గొంతును యంత్రంతో అనుకరింపజేయడం వారి వ్యక్తిత్వహక్కుకు భంగకరమని మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది.

బతికి ఉన్నవారి విషయంలో ఆ ఉత్తర్వు మార్గం చూపుతుంది. పోయినవారి విషయంలో అనుమతి ఇవ్వవలసినది ఎవరు? వారసులని చట్టం అనవచ్చు. ఆస్తి అయినప్పుడు వారసత్వం ఉండక తప్పదు. కాని గాత్రం వీలునామా రాసి ఇవ్వదగిన వస్తువేనా? పాడాలో వద్దో నిర్ణయించుకొనే స్వేచ్ఛ గాయకునికి చివరిరోజు వరకు ఉంటుంది. అంబాబాయి వంటి తల్లి పాడకూడదని నిర్ణయించుకొంటే ఆ మౌనం కూడా ఆమె గాత్రంలో భాగమే. యంత్రానికి ఇచ్చే అనుమతిలో ఈ నిరాకరించే హక్కు ఒక్కటి మిగలదు. అడిగిన ప్రతి పాటనూ అది పాడుతుంది, జలుబు చేయదు, గొంతు పోదు, శ్రుతి దించమని అడగదు.

రేపు ఎవరైనా గంగూబాయి హానగల్ గొంతును ఇలా తిరిగి పలికించాలని పూనుకొంటే, ఆ పని చేసేవారి ముందు రెండు రకాల రికార్డులు ఉంటాయి. ఒక దానిమీద 'గాంధారి' అని ఉంటుంది, మరొక దానిమీద గంగూబాయి అని. రెండింటిలో ఆమెది ఏదో యంత్రానికి ఎవరో చెప్పవలసి వస్తుంది.